ఇల్లు అమ్మేదానికి వీడియో చాలదు, తలుపు తీయాల

ఈ పేజీలో ఇంతవరకూ పెద్దవాళ్ళు మన వంశవృక్షం గురించి, పాత పెండ్లి ఫోటోల గురించి, అవ్వ చేసే బస్సారు గురించి రాసినారు. అవన్నీ చదివి సంతోషపడినవాణ్ణే. ఈరోజు నేను రాసేది మాత్రం గొడవ పెట్టుకునేదానికే. చింతామణి ఇంటి అమ్మకం గురించి. వాట్సాప్ గ్రూపులో రాస్తే గుడ్ మార్నింగ్ పూల కింద కొట్టుకుపోతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను పదో తరగతి వరకూ చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ నాకు పంచాంగం ముందర పెట్టుకుని నేర్పించింది. వత్తులు, దీర్ఘాలు తప్పిపోతే సర్దుకోండి. విషయం దగ్గర మాత్రం సర్దుకోవద్దు, తప్పనిపిస్తే మొహం మీదే చెప్పండి.

ముందు జరిగింది చెప్తాను. తాత కట్టిన ఇల్లు అమ్మేద్దామని నాయన, చిన్నాయన, అత్త ముగ్గురూ ఒప్పుకున్నారు. అవ్వ పోయి మూడేండ్లు. ఇంట్లో ఎవరూ లేరు. మిద్దె మీద గడ్డి మొలుస్తాంది. అమ్మడం తప్పని నేను అనడం లేదు. ఎలా అమ్మాల అన్నదే నా తగువు. డల్లాస్‌లో ఉండే బావ ఫోన్ చేసి, "ఇక్కడ మనుషులు ఇల్లు చూడకుండానే ఆఫర్ పెడతారు. ఒక మంచి వర్చువల్ టూర్ చెయ్, పదిరోజుల్లో అయిపోతుంది" అన్నాడు. చిన్నాయనకి ఈ మాట బాగా నచ్చింది. ఎందుకంటే ఇంటికి పదిమంది వచ్చి పోతే వీధిలో తెలిసిపోతుందని ఆయన భయం. పని నా మీద పడింది. నేను బెంగళూరులో 360 డిగ్రీల కెమెరా ఒకటి బాడిగకి తీసుకుని, శనివారం పొద్దున్నే చింతామణికి పోయినాను.

అక్కడ నేను రెండు పనులు చేసినాను. ఒకటి, పడమటి గదిలో గోడ అడుగున చెమ్మ ఎక్కి సున్నం ఊడిపోయిన చోట అవ్వ ఇనుప బీరువా జరిపి పెట్టినాను. ఇది కావాలనే చేసినాను. రెండోది, కెమెరా స్టాండు జగిలి మీద పెట్టినాను. జగిలి ఎక్కేదానికి వీధిలో నుంచి ఏడు రాతి మెట్లున్నాయి, పక్కన పట్టుకునే కమ్మీ లేదు. జగిలి మీద నుంచి చూస్తే ఆ మెట్లు కనపడవు. ఇది కావాలని చేయలేదు. కానీ చూసి కూడా మళ్ళీ తీయలేదు, మధ్యాహ్నం బస్సుకి టైం అయిపోతాందని.

టూర్ లింకు పంపిన వారానికి మదనపల్లె వైపు నుంచి ఒక రిటైరైన మాస్టారు ఫోన్ చేసినారు. ఆయనకి తొట్టి ఇల్లంటే ఇష్టమంట. లింకు నాలుగుసార్లు చూసినాము, మాకే కావాల అని లక్ష రూపాయలు అడ్వాన్స్ బ్యాంకులో వేసినారు. ఆ తర్వాతి ఆదివారం భార్యని తీసుకుని వచ్చినారు. ఆమెకి రెండు మోకాళ్ళూ నొప్పే. కారు దిగి మెట్ల కింద నిలబడి పైకి చూసింది. ఎక్కలేదు. మాస్టారు ఒక్కరే లోపలికి వచ్చి అన్ని గదులూ తిరిగినారు. పడమటి గదిలో బీరువా వెనక్కి చెయ్యి పెట్టి, తీసి వేళ్ళు చూసుకున్నారు. బయటికి వచ్చి జగిలి మీద కూర్చుని మంచినీళ్ళు అడిగినారు. "మీరేం పని చేస్తారు నాయనా?" అన్నారు. "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ సార్" అన్నాను. "అంటే?" అన్నారు. "తప్పులు కనిపెట్టే పని సార్" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మెల్లిగా మెట్లు దిగి పోయినారు. రాత్రికి ఫోన్ చేసి అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని అడిగినారు.

చిన్నాయన ఇవ్వనంటాడు. "చూసే కదా ఇచ్చినారు? వీడియోలో ఇల్లంతా చూపించినాము. చూడలేదంటే తప్పు వాళ్ళది" అంటాడు. బావ కూడా అదే అంటాడు, కొంచెం ఇంగ్లీషులో. నాయన మాట్లాడడం లేదు. నేను అంటాను: వాళ్ళు చూడలేదు. మనం చూపించినాము. ఈ రెండూ ఒకటి కాదు. ఈ వ్యాసం అంతా ఈ ఒక్క మాట మీదనే.

వీడియో చేసే మేలు ఏమీ లేదని నేను అనను. అలా అంటే నా పొట్ట కొట్టుకున్నట్టే, నేనూ కంప్యూటర్ పని చేసి బతికేవాణ్ణే. మేలు చాలా ఉంది. బ్రోకర్ చెప్పినాడని బెంగళూరు నుంచి 75 కిలోమీటర్లు వచ్చి, గడప దగ్గర నిలబడి "ఓహో, పాత ఇల్లా" అని వెనక్కి తిరిగేవాళ్ళు ఎంతమందో. అట్లాంటి వాళ్ళకి టూర్ చూపిస్తే వాళ్ళకీ పెట్రోలు మిగులుతుంది, మనకీ ఆదివారం మిగులుతుంది. ఇంట్లో బాడిగవాళ్ళు ఉంటే వాళ్ళ వంటింట్లోకి రోజూ కొత్తవాళ్ళు రాకుండా ఉంటుంది. ఒంటరిగా ఉండే ముసలామె ఇంటికి బ్రోకర్ ఎవరెవరినో తెచ్చే బాధ తగ్గుతుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వేరే దారి లేక అందరూ వీడియో కాల్‌లోనే ఇండ్లు చూసినారు, ఆ అలవాటు మిగిలిపోయింది. గదులు ఎలా కలుస్తాయి, వంటిల్లు ఏ పక్క, తొట్టిలో వెలుతురు ఎలా పడుతుంది, ఇవి మామూలు ఫోటోల కన్నా టూర్‌లో బాగా తెలుస్తాయి.

మా పనిలో దీన్ని స్మోక్ టెస్ట్ అంటాము. సాఫ్ట్‌వేర్ కొత్తగా వచ్చినప్పుడు, అసలు తెరుచుకుంటుందా, మొదటి పేజీ వస్తుందా అని పైపైన చూసేది. అది పాసైతే "ఇక టెస్టు మొదలుపెట్టొచ్చు" అని అర్థం. "టెస్టు అయిపోయింది" అని కాదు. స్మోక్ టెస్ట్ పాసైందని సరుకు కస్టమర్‌కి పంపేసే మేనేజర్‌ని మేము ఏమని తిట్టుకుంటామో ఇక్కడ రాయలేను. ఇల్లు కొనేవాడికి వర్చువల్ టూర్ స్మోక్ టెస్ట్. డబ్బు చేతులు మారేదానికి అది చాలదు.

ఎందుకు చాలదో చెప్తాను. మొదటిది లెన్సు. మన ఫోన్‌లో 0.5 అని నొక్కితే వచ్చే వెడల్పు లెన్సు ఉంది కదా, దాంతో తొమ్మిదడుగుల గది తీయండి. హాలు లాగా కనపడుతుంది. దగ్గరిది పెద్దగా, దూరంది చిన్నగా చూపించి, మధ్యలో లేని జాగా ఉన్నట్టు చేస్తుంది. 360 కెమెరాలో అటు ఒకటి ఇటు ఒకటి చేపకన్ను లెన్సులు ఉంటాయి, రెండు బొమ్మల్నీ సాఫ్ట్‌వేర్ కుట్టేస్తుంది. అక్కడ అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోరు, కానీ గది సైజు మీద మన కంటి అంచనా తప్పిపోతుంది. ప్రతి గదికీ టేపుతో కొలిచిన పొడుగు, వెడల్పు రాసి పెట్టకపోతే ఆ టూర్ కొనేవాడికి సగం మోసమే.

రెండోది, కెమెరాకి రానివి. వాసన రాదు. చెమ్మ వాసన, మోరీ వాసన, పక్కింటి కోళ్ళ వాసన ఏదీ రాదు. రాత్రి పది తర్వాత వీధి ఎలా ఉంటుందో రాదు. కొళాయి ఎన్ని రోజులకి ఒకసారి వస్తుందో రాదు. బోరు ఎంత లోతు, ఎండాకాలంలో ఎన్ని బిందెలు ఇస్తుందో రాదు. మన కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల్లో భూమి నీళ్ళలో ఫ్లోరైడ్ బాధ కొత్తది కాదు. తాగే నీళ్ళలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. నీళ్ళు ఎంత తెల్లగా, తేటగా ఉన్నా ఆ అంకె కంటికి కనపడదు. టూర్‌లో కొళాయి స్టీలు మెరుస్తుంది, అంతే.

మూడోది, అన్నిటి కన్నా పెద్దది. టూర్‌లో కెమెరా ఎక్కడ నిలబడాలో అమ్మేవాడు నిర్ణయిస్తాడు. కొనేవాడు మౌస్ తిప్పి, అటు ఇటు చూసి, తానే తిరుగుతున్నానని అనుకుంటాడు. తిరగడం లేదు. మనం పెట్టిన చుక్కల మీద మాత్రమే ఎగురుతున్నాడు. నేను ఆ ఇంట్లో పదకొండు చోట్ల కెమెరా పెట్టినాను. పన్నెండో చోటు మెట్ల కింద. అక్కడ పెట్టలేదు. మాస్టారు భార్య నిలబడింది సరిగ్గా అక్కడే. నిజం మనిషి వస్తే ఆయన కాళ్ళు ఎక్కడికి పోవాలో ఆయనే నిర్ణయిస్తాడు. బీరువా వెనక్కి చెయ్యి పెడతాడు. అందుకే తలుపు తీయడానికి బదులు ఇంకేదీ రాదు.

ఈ దెబ్బ నేను కూడా తిన్నవాణ్ణే. అది చెప్పకపోతే నేను పెద్ద నీతిమంతుడి లాగా కనపడతాను. 2021లో బెంగళూరులో రెండు బెడ్రూముల ఫ్లాటు టూర్‌లోనే చూసి బుక్ చేసినాను. బిల్డర్ పేరు వద్దు. టూర్‌లో బాల్కనీ బయట నీలం ఆకాశం, నాలుగు కొబ్బరిచెట్లు. చేరిన తర్వాత చూస్తే బాల్కనీ కింద రాజకాలువె. వానాకాలంలో కిటికీ తీయలేము. నా భార్య ఇప్పటికీ ఆ బాల్కనీని "నీ నీలం ఆకాశం" అంటుంది. ఆ బిల్డర్‌ని నేను ఎన్ని మాటలు అన్నానో ఇంట్లో అందరికీ తెలుసు. మూడేండ్ల తర్వాత అదే పని నేను చేసినాను, మన తాత ఇంట్లో, అవ్వ బీరువాతో.

ఇప్పుడు చట్టం మాటకి వద్దాం. ఎందుకంటే చిన్నాయన "చట్ట ప్రకారం అడ్వాన్స్ మనదే" అంటున్నాడు. కొత్త ఫ్లాట్లకి 2016 నాటి రెరా చట్టం ఉంది. దాని 12వ సెక్షన్ ప్రకారం ప్రకటన గానీ, మోడల్ ఫ్లాట్ గానీ చూసి నమ్మి డబ్బు కట్టినవాడికి అందులో ఉన్న తప్పు సమాచారం వల్ల నష్టం వస్తే బిల్డర్ పరిహారం ఇవ్వాల. కొనేవాడు వద్దనుకుని బయటికి వస్తే కట్టింది వడ్డీతో వెనక్కి ఇవ్వాల. మన పాత ఇల్లు దాని కిందికి రాదు, మనం బిల్డర్లం కాదు. నిజమే. కానీ అంతమాత్రాన మనకి ఏ చట్టమూ లేదని కాదు.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. బ్రిటిష్ కాలం నాటిది, ఇప్పటికీ నడుస్తాంది. దాని 55వ సెక్షన్ మొదట్లోనే అమ్మేవాడి బాధ్యత రాసింది. ఆస్తిలో గానీ, హక్కులో గానీ ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా కొనేవాడు కనిపెట్టలేనిదైతే, అమ్మేవాడు దాన్ని చెప్పి తీరాల. చెప్పకపోవడం మోసం కింద లెక్క అని అదే సెక్షన్ చివర ఉంది. ఏడు మెట్లు మామూలు జాగ్రత్తకి కనపడేవే, వచ్చి చూసినవాడికి. మరి రాకుండానే అడ్వాన్స్ తీసుకున్నది ఎవరు? చెమ్మకి బీరువా అడ్డం పెట్టింది ఎవరు? నేను లాయర్ని కాదు. కోర్టులో ఎవరు గెలుస్తారో నాకు అక్కరలేదు. ఆ సెక్షన్ చదువుతుంటే బీరువా జరిపిన చెయ్యి నాదే కదా అని నాకు గుర్తుకొచ్చింది, అంతే.

ఇక ఓపెన్ హౌస్ గురించి. ఈ మాట అమెరికా నుంచి వచ్చింది. ఆదివారం రెండు గంటలు ఇంటి తలుపు తెరిచి పెడతారు, కావాల్సినవాళ్ళు వచ్చి చూసి పోతారు. బావ అంటాడు, "ఓపెన్ హౌస్ వల్ల ఇల్లు అమ్ముడుపోదు, పక్కిండ్లవాళ్ళు ఊరికే చూసేదానికి వస్తారు, ఏజెంట్‌కి కొత్త కస్టమర్లు దొరుకుతారు, అంతే." అక్కడ అలాగే ఉండొచ్చు. కానీ పక్కిండ్లవాళ్ళు రావడం మన ఊర్లో నష్టం కాదు, లాభం. చింతామణి లాంటి ఊర్లో కొనేవాడు గోడలు చూడడానికి ఒక గంట, పక్కింటివాళ్ళతో మాట్లాడడానికి ఒక గంట పెడతాడు. పెట్టాల కూడా. ఆ ఇంటి నీళ్ళు ఎలా ఉంటాయి, మోరీ వానకి పొంగుతుందా, వెనక హిత్తలు గోడ మీద ఎవరికైనా తగువుందా అని చెప్పేది వాళ్ళే. మనం మంచిగా ఉన్నవాళ్ళమైతే ఆ సాక్ష్యం మనకే ఉపయోగం. తాత నలభై ఏండ్లు ఆ వీధిలో ఉన్నాడు. ఆ నలభై ఏండ్ల మర్యాద మన ఆస్తి కాదా? టూర్‌లో దాన్ని ఎలా పెడతావు బావా?

చిన్నాయన భయం ఇంకోటి. "ఇల్లు చూపించేదానికి ఊరంతా పిలిస్తే మన మానం ఏమయ్యేది రా? అప్పులపాలై అమ్ముకుంటాండారు అంటారు" అన్నాడు. చిన్నాయనా, నీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. గృహప్రవేశానికి తాత ఊరంతా పిలిచినాడు కదా? ఆరోజు జనం ప్రతి గదీ తిరిగినారు, వంటింట్లో పాలు పొంగేది చూసినారు, గోడలు తట్టి చూసినారు. అది ఓపెన్ హౌసే కదా. ఇల్లు వచ్చినప్పుడు తెరిచిన తలుపు, ఇల్లు పోయేటప్పుడు ఎందుకు మూయాల? మూస్తేనే జనం మాట్లాడుతారు. చీకటి పడినాక బ్రోకర్‌తో వచ్చి టార్చి వేసి చూసిపోయే ఇంటి మీద పుట్టినన్ని కథలు, ఆదివారం పొద్దున తలుపులు తీసి పెట్టిన ఇంటి మీద పుట్టవు.

ఇంకొక లాభం ధర దగ్గర. ఒక్కొక్కరిగా వస్తే బ్రోకర్ ఒకరికి ఒక రేటు, ఇంకొకరికి ఇంకో రేటు చెప్తాడు, మనకి మూడోది చెప్తాడు. నలుగురూ ఒకే పూట వచ్చినప్పుడు, గోడకి కాగితం అంటించి మనం అడిగే ధర రాసి పెడితే ఆ ఆట సాగదు. కొనేవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటారు. నిజంగా కావాల్సినవాడు ఎవరో, ఊరికే బేరం ఆడేవాడు ఎవరో మనకీ తెలుస్తుంది.

"లోపాలు మనమే చూపిస్తే రేటు పడిపోతుంది" అని అత్త అన్నది. అత్తా, రేటు ఎలాగూ పడుతుంది. ఎప్పుడు పడుతుంది అన్నదే లెక్క. మా పనిలో మొదటి రోజు తెలుసుకునే పాఠం ఇది: తప్పు మనం కనిపెడితే ఖర్చు తక్కువ, కస్టమర్ కనిపెడితే ఖర్చు ఎక్కువ. చెమ్మ సంగతి ముందే చెప్తే కొనేవాడు మేస్త్రీని పిలిచి అంచనా వేయించి, ఆ అంత తగ్గించి అడుగుతాడు. వాడే కనిపెడితే చెమ్మకి ఒక లెక్క, "ఇంకా ఏమేం దాచినారో" అన్న అనుమానానికి ఇంకో లెక్క వేస్తాడు. రెండో లెక్కకి హద్దు లేదు. మాస్టారు అడిగింది చెమ్మకి తగ్గింపు కాదు. మొత్తం వద్దన్నారు.

"కొనేవాళ్ళు దూరంలో, విదేశాల్లో ఉంటే?" అని బావ అడుగుతాడు. మంచి ప్రశ్నే. అప్పుడు రికార్డు చేసిన టూర్ కాదు, లైవ్ కాల్ చేద్దాం. ఫోన్ మన చేతిలో ఉన్నా మాట వాళ్ళది ఉండాల. "ఆ కొళాయి తిప్పండి, ఆ బీరువా జరపండి, ఇప్పుడు వీధిలోకి దిగి ఇంటి వైపు చూపించండి" అని వాళ్ళు చెప్తారు, మనం చేస్తాం. అది కూడా చూసిన తర్వాత వాళ్ళ తరఫున ఒక మనిషి వచ్చి ఇంట్లో నిలబడాల. అప్పటిదాకా అడ్వాన్స్ తీసుకోకూడదు. ఒక్క రూపాయి కూడా.

తలుపు తీస్తే దొంగతనం భయం ఉంది, కాదనను. దానికి జాగ్రత్తలున్నాయి. దేవుడి గదికి, అవ్వ సామాన్లు ఉన్న అటకకి తాళం వేద్దాం. వచ్చినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు ఒక నోటుపుస్తకంలో రాయించుకుందాం. కాగితాలు అసలువి చూపించకూడదు, జెరాక్సులు పెడదాం, వాటి మీద "చూపించేదానికి మాత్రమే" అని అడ్డంగా గీత గీసి రాద్దాం. నిజానికి దొంగకి ఎక్కువ ఉపయోగపడేది ఇంటర్నెట్‌లో అందరికీ కనపడేలా పెట్టిన టూర్. ఏ కిటికీకి కమ్మీ లేదు, వెనక తలుపు గడియ ఎలాంటిది అని వాడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. కాబట్టి లింకు అడిగినవాళ్ళకి మాత్రమే పంపాల.

ఇంకొక మాట మన పేజీ చదివే అందరికీ. ఇల్లు అమ్మేదానికి తీసే వీడియో వేరే, జ్ఞాపకానికి తీసే వీడియో వేరే. నేను ఆ రెండూ కలిపేసినాను. తులసికట్ట, తొట్టిలో అవ్వ కూర్చుని బియ్యం చెరిగే జాగా, తాత గోడ మీద బొగ్గుతో మా ఎత్తులు గీసిన గీతలు, ఇవన్నీ ప్రేమగా తీసినాను. అవి కొనేవాడికి అక్కరలేదు, మనకి కావాల. కొనేవాడికి కావాల్సింది మిద్దె మీద నీళ్ళు నిలిచే మూల, మోరీ పోయే దారి, కరెంటు మీటరు, మెట్లు. మనకి అందంగా ఉండేది చూపించి, వాడికి అవసరమైనది వదిలేసినాను. మీరెవరైనా పాత ఇల్లు అమ్మాలనుకుంటే ముందు కూర్చుని జ్ఞాపకం వీడియో తీసేసుకోండి, తనివితీరా తీసుకోండి. అది ఇంట్లో పెట్టుకోండి. తర్వాత కండ్లు తుడుచుకుని రెండోది తీయండి.

నేను అడిగేవి మూడే.

ఒకటి, మాస్టారి లక్ష రూపాయలు ఈ వారంలో వెనక్కి పంపాల. మొత్తం. "బస్సు ఖర్చులు, ఏజెంట్ ఖర్చులు" అని కోత పెట్టకూడదు.

రెండు, పాత టూర్ తీసేసి కొత్తది చేయాల. ప్రతి గదికీ టేపు కొలతలు, వీధిలో నుంచి మెట్లతో సహా ఇల్లు, బీరువా లేని పడమటి గోడ, కొళాయి వచ్చే రోజులు, బోరు నీళ్ళ పరీక్ష కాగితం, అన్నీ అందులో ఉండాల. ఈ పని నాదే. ఖర్చు కూడా నాదే.

మూడు, రెండు ఆదివారాలు తలుపు తీసి పెట్టాల. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా. బల్ల మీద ఇ-ఖాతా, కావేరి వెబ్‌సైట్‌లో తీసిన ఈసీ, పన్ను రసీదులు, నాడకచేరి ఇచ్చిన వంశవృక్షం జెరాక్సులు ఉండాల. ఈ పేజీలో పెదనాయన గీసిన వంశవృక్షం ఎంత బాగున్నా సబ్‌రిజిస్ట్రార్ ఒప్పుకోడు, అది గోడకి తగిలించుకుందాం.

పాత టూర్ లింకు నిన్న రాత్రే నేను తీసేసినాను. ఎవరినీ అడగలేదు, నేను పెట్టిందే కాబట్టి. లక్ష రూపాయల సంగతి నాయనతో మాట్లాడినాను. చాలాసేపు ఊరుకుని, "నా వాటాలో పట్టుకోమను మీ చిన్నాయన్ని, ముందు ఆయనకి పంపించు" అన్నాడు. అది న్యాయం కాదు. బీరువా జరిపింది నేను, కాబట్టి మొదట నేను ఇస్తాను, తర్వాత ఇల్లు అమ్మినప్పుడు ముగ్గురి లెక్కలో చూసుకోండి. చూసుకోకపోయినా నేను అడగను.

చిన్నాయనా, కోపం వచ్చి ఉంటే ఫోన్ చేసి తిట్టు, వింటాను. కానీ ఈ ఆదివారం పొద్దున చింతామణికి రా. ఆ బీరువా నేనొక్కణ్ణే జరిపి పెట్టినాను గానీ, వెనక్కి జరిపేదానికి ఇద్దరు కావాల. కింద నాలుగు కాళ్ళూ నేలలో దిగబడినాయి.